మా మామ కలిపిన సెకను

మొన్న పొద్దున ఫోన్‌లో ఒక వార్త కనిపించింది. భూమి ఈ మధ్య కాస్త తొందరగా తిరుగుతోందట. ఇలాగే సాగితే ఎప్పుడో ఒకనాడు గడియారాల్లోంచి ఒక సెకను తీసేయాల్సి రావచ్చునట. చదివి వినిపిస్తే మా ఆయన "తీసుకోనీ, మనకేం తక్కువైతది" అని టీ తాగడంలో పడ్డారు. నా టీ మాత్రం చల్లారిపోయింది. సూర్యాపేటలో గడియారాలు బాగుచేసే మా మేనమామ గుర్తొచ్చాడు.

తొంభైల మొదట్లో నేను ఆ ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ మామ ఇంట్లోనే ఉండేదాన్ని. బస్టాండు దారిలో ఆయన దుకాణం. ఒకరు కూర్చుంటే రెండోవారు నిలబడాల్సినంత చోటు, ఎప్పుడూ వాచీల సామాన్లు కడిగే పెట్రోలు వాసన, గోడకు ఏడు లోలకం గడియారాలు. రోజూ రేడియోలో వార్తలకు ముందు వచ్చే బీప్ శబ్దాలకు చెవి ఒగ్గి పెద్ద గడియారాన్ని సరిచేసేవాడు. బజారు వాళ్లంతా దాన్ని చూసి తమ వాచీల ముల్లు తిప్పుకునేవారు. ఊరందరి కాలమూ తన చేతిలోనే ఉందని మామకు చిన్న గర్వం. ఆ తర్వాత సెల్లు వాచీలు వచ్చిపడ్డాయి. వాటికి కీ ఇవ్వక్కర్లేదు, చెడిపోతే పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. మామ బల్ల మీదికి దుమ్ము తప్ప ఇంకేదీ వచ్చేది కాదు. అత్తయ్యది కోదాడ. వాళ్ల అన్న మఠంపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో గేటు కాపలా పని మాట్లాడిపెట్టి, జులై ఒకటో తారీకుకల్లా వచ్చేదీ రానిదీ చెప్పమన్నాడు.

సరిగ్గా అప్పుడే పేపర్లో పడింది. భూమి తిరగడం నెమ్మదించిందని, జులై ఒకటిన పొద్దున ఐదున్నరకు ప్రపంచమంతా ఒక సెకను కలుపుకుంటుందని. మామ ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సూసినవా బిడ్డా, భూమే లేటైతాంది. ఇగ ఊళ్లె వాచీలన్నీ సరిచెయ్యాల్నా, వద్దా? నేను గాక ఎవరు చేస్తరు?"

ముందురోజు నా చేతే పలక మీద రాయించాడు: 'భూమి నెమ్మదించినందున జులై ఒకటి ఉదయం ఒక సెకను కలుపబడును. వాచీలు ఉచితముగా సరిచేయబడును.' ఆయన గోడ మీది గడియారాలే రోజుకు అర నిమిషం అటో ఇటో పోతాయని ఆయనకు తెలియనిది కాదు. కానీ అంత ఆశపడ్డ మనిషికి ఆ మాట గుర్తుచేయడానికి నాకు నోరు రాలేదు.

"ఎవరూ రాకపోతే ఏం చేస్తారండీ?" అని అత్తయ్య అడిగింది.

"రాకుంటే దుకాణం బంద్ వెట్టి మీ అన్న సెప్పినట్టే పోదాం" అన్నాడు మామ.

మర్నాడు తెల్లవారుతుండగానే ముగ్గురం దుకాణంలో ఉన్నాం. ఐదున్నరకు పెద్ద గడియారం లోలకాన్ని వేలితో పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క సెకను ఆపి వదిలాడు. తర్వాత రెండోది, మూడోది. ఏడోది పూర్తయ్యేసరికి ఐదూ ముప్పై రెండు. ఏడూ మళ్లీ దేని దారిన అది టిక్కుటిక్కుమంటున్నాయి. నాకు నవ్వొచ్చింది, అత్తయ్య ముఖం చూసి ఆపుకున్నాను.

పదింటిదాకా ఒక్కరూ రాలేదు. ఎదురు బట్టల కొట్టాయన పలక చదివి తల ఊపి వెళ్లిపోయాడు. పదకొండింటికి మిర్యాలగూడ బస్సు కోసం చూస్తున్న ఒకాయన వచ్చి, ఆగిపోయిన వాచీ ఇచ్చి సెల్లు వేయమన్నాడు. మామ దగ్గర సెల్లులు లేవు.

"సెల్లు లేదు గని, జర సెకను కలిపిస్త, ఫ్రీగనే" అన్నాడు మామ. ఆగిపోయిన వాచీకి సెకను కలుపుతానంటున్నానని కూడా ఆయనకు తోచలేదు.

వచ్చినాయన మంచివాడే, వెక్కిరించలేదు. "సెకనుతోటి నాకేం పనే అన్నా, బస్సే గంట లేటొస్తది" అని వాచీ జేబులో వేసుకున్నాడు.

 మామ చేతిరుమాలుతో పలక తుడిచి, "ఇగ ఖతం. మీ అన్నకు ఫోన్ చెయ్" అన్నాడు అత్తయ్యతో.

ఫ్యాక్టరీలో టైము సైరన్ చెప్పేది, గేటు దగ్గరి మనిషిని అడిగేవారు కాదు. మామ చేతికి వాచీ పెట్టుకోవడం మానేశాడు. నాలుగేళ్లకు అక్కడే పోయాడు. ఏడు గడియారాలూ పాత సామాన్ల బండి ఎక్కాయి.

ఇప్పుడు ఆ సెకనును వెనక్కి తీసుకుంటారట. తీసుకున్నా ఎవరికీ తెలియదు. కలిపిన రోజున మాత్రం తెలిసిందెవరికి, మా మామకు తప్ప.