చెల్లెలి తరపున

పదమూడేళ్ల హిమజ నడకలో అప్పుడే పెద్దతనం వచ్చేసింది. పిట్టలవానిపాలెంలో నాయనమ్మ సుబ్బాయమ్మ పక్షవాతంతో మంచాన పడినప్పటి నుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు ఆ పిల్లే. తల్లిదండ్రులు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నారు. మెట్ల కింద వాళ్లకిచ్చిన గదిలో ఇద్దరు పడుకోవడమే కష్టం. హిమజ పొద్దున్నే ముసలామెకు ఒళ్లు తుడిచి, గంజి తాగించి, చెల్లెలు లాస్యకు జడలు వేసి బడికి పంపుతుంది. ఎవరితో మాట్లాడినా, తడి లేకపోయినా, చేతులు బట్టలకు తుడుచుకుంటుంది.

ఆ శనివారం లాస్య బడిలో తల్లిదండ్రుల సమావేశానికి హిమజే వాళ్లమ్మ చీర కట్టుకుని వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మూడో తరగతి టీచరు శారద లాస్యను మెచ్చుకుంది.

"ఎక్కాలు గడగడా చెప్తోంది. ఇంట్లో ఎవరు చెప్పిస్తున్నారు?"

"నేనేనండి."

"నువ్వేం చదువుతున్నావమ్మా?"

"ఎనిమిదండి." హిమజ చేతులు చీరకు తుడుచుకుంది. "దసరా నుంచి వెళ్లట్లేదండి. నాయనమ్మ దగ్గర ఎవరూ ఉండరు."

"అమ్మకి తెలుసా?"

"లేదండి. పక్కింటి పిన్ని చూస్తోందని చెప్పాను. తెలిస్తే పని మానుకుని వచ్చేస్తారు. వస్తే ఇక్కడ పనేముందండి?"

తల్లి ఫోన్ నంబరు అడిగింది శారద. హిమజ ఒక అంకె మార్చి చెప్పింది.

సాయంత్రం తల్లి ఫోన్ చేసి, ఇద్దరూ బడికెళ్తున్నారా అని అడిగింది. వెళ్తున్నామని చెప్పి హిమజ ఫోన్ చెల్లెలికిచ్చింది. లాస్య అక్క ముఖంలోకి ఒకసారి చూసింది.

"అక్కా నేనూ రోజూ కలిసే వెళ్తున్నామమ్మా."

ఎనిమిదేళ్ల పిల్ల గొంతు ఏమాత్రం తడబడలేదు. హిమజకు భయమేసింది.