తెరలో కనబడని కుర్చీ: ఒక రోజు తిరువూరు ప్రయాణం

అనుమానం పెనుభూతం అంటారు. నన్ను హైదరాబాదు నుంచి తిరువూరు దాకా లాక్కెళ్ళింది ఆ భూతమే. నేను రోబో సాయంతో ఆపరేషన్లు చేసే సర్జన్ని. అరవై దాటాక, ఊళ్ళలో ఉన్న సర్జన్లకు ఇంటి నుంచే తెర మీద ఆ విద్య నేర్పుతున్నాను. వాళ్ళ దగ్గర సాధన యంత్రం ఉంటుంది. కుర్చీలో కూర్చుని పిడులు కదిలిస్తే ఎదుటి తెర మీద రోబో చేతులు సూదీ దారం పట్టి కుట్లు వేస్తాయి. పక్కనే ఇంకో పెద్ద తెర మీద నేనుంటాను. తిరువూరులో నా శిష్యురాలు డాక్టర్ షాహీన్. ఐదు నెలలుగా వారానికి రెండు పాఠాలు. ఒంటరిగా సాధన చేసి ఆమె పంపే రికార్డింగుల్లో కుట్లు ముత్యాలు పేర్చినట్టు ఉంటాయి. నేను లైనులోకి వచ్చానా, నాలుగో ముడికో ఐదో ముడికో దారం తెగుతుంది. ప్రతిసారీ అంతే. ఆ రికార్డింగులు ఇంకెవరో చేసిపెడుతున్నారని నాకు గట్టిగా అనిపించింది. శనివారంలోగా నేను సంతకం పెడితే ఆమెకు విజయవాడలో అసలు రోబో మీద శిక్షణకు సీటు వస్తుంది. పెట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. తెర మీద అడగడానికి నోరు రాలేదు. బుధవారం నాలుగింటి పాఠానికి నేనే వస్తున్నానని కబురు పెట్టి బయల్దేరాను.

పొద్దున ఆరింటికి సికింద్రాబాదులో రైలెక్కితే పన్నెండు లోపు విజయవాడలో దిగాను. దారంతా కాలుగాలిన పిల్లిలా పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. బస్టాండులో తిరువూరు ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది. టికెట్టు నూటయాభై లోపే, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. కొండపల్లి దాటాక కండక్టరును మళ్ళీ అడిగాను, ఇంకెంతసేపని. "ఇంకా మైలవరమే రాలేదు సార్, మూడోసారి అడుగుతున్నారు. మీరు దిగి తోసినా ఇంతకంటే ముందు పోదండి" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏ.కొండూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు బాగుంటాయి, మీరు వెళితే కిటికీ పక్కన కూర్చోండి. నేను మాత్రం ఫోనులో ఆమె పాత రికార్డింగులే చూస్తూ కూర్చున్నాను.

తిరువూరు బస్టాండు దగ్గరి మెస్సులో భోజనం వంద రూపాయలు. మామిడికాయ పప్పు అమృతం, కానీ ముద్ద దిగలేదు. వండిన ఆవిడే వచ్చి, "అన్నం అట్టా వదిలేస్తే ఎట్టాగండీ? పప్పు బాలేదా?" అంది. "పప్పు బాగుందమ్మా, నేనే బాలేను" అన్నాను. బయట ఆటో మాట్లాడుకుంటే, "రోబో డాక్టరమ్మ ఆస్పత్రాండీ? ఎక్కండి, నలభై ఇద్దురుగాని" అన్నాడు డ్రైవరు. ఆ మిషను చూశావా అని అడిగాను. "బయట నుంచేనండి. పొద్దున ఆరింటికే ఆ మేడ మీద గదిలో లైటు వెలుగుద్ది. లోపల ఎవరు కూర్చుంటారో మనకేం తెలుసండీ." ఆ ఒక్క మాట చాలు, నా అనుమానం ఇంకా బలిసింది.

మూడుంపావుకే ఆస్పత్రి చేరాను. మేడ మీద గదికి అద్దాల తలుపు. లోపల షాహీన్ ఒక్కతే, చెప్పులు విడిచి, కుర్చీలో వెనక్కి చేరగిలబడి కుట్లు వేసుకుంటోంది. ఎనిమిది, తొమ్మిది, పది ముళ్ళు. దారం తెగలేదు. ఆ చేతులు ఆమెవే. రికార్డింగులూ ఆమెవే. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఇంకా కంగారు పడ్డాను. మరైతే నా ముందు ఎందుకు తెగుతోంది?

తలుపు తీయగానే దిగ్గున లేచి, "సార్! నాలుగింటికన్నారు కదండీ!" అంది. కూర్చోమన్నాను. కూర్చుంది, కుర్చీ అంచు మీద, వీపు నిటారుగా. కుర్చీకి పక్కన మోచేతులు ఆనించడానికి ఉన్న దిండు ఆమెకు జానెడు వెనక ఉండిపోయింది. చేతులు గాలిలో వేలాడుతున్నాయి. నాలుగు ముళ్ళు వేసేసరికి భుజాలు అలిసి చెయ్యి దారాన్ని గట్టిగా లాగేసింది. దారం తెగింది. ఐదు నెలలుగా నాకు కనబడనిది అదే. చేతులు మాత్రమే చూపించమని కెమెరా పెట్టించింది నేనే మరి.

"వెనక్కి జరిగి కూర్చోమ్మా" అన్నాను. జరిగింది. నేను ఇంకో మాట మాట్లాడేసరికి మళ్ళీ అంచుకు వచ్చేసింది. "మీరు ఎదురుగా ఉంటే నావల్ల కాదు సార్. తెరలో ఉన్నా అంతేనండి. మా నాన్న లారీ షెడ్డులో పని నేర్చుకునేవాళ్ళు ఆయన ముందు అసలు కూర్చోరు. నేను కూర్చుంటున్నానంటేనే గొప్ప" అంటూ నవ్వింది. ఆ తర్వాత అడిగింది, "ఇంతకీ ఇంత దూరం ఎందుకొచ్చారు సార్?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేకపోయాను. "ఆ రికార్డింగులు నువ్వు చేయడం లేదనుకున్నానమ్మా. పట్టుకుందామని వచ్చాను."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "రోజూ పొద్దున ఆరింటికి వస్తున్నానండి, ఓపీ మొదలయ్యేలోపు" అని మాత్రం అంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూస్తూ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. మోచేతులు దిండు మీద పెట్టింది. "చూడండి" అంది. ఈసారి సార్ అనలేదు. పది ముళ్ళు వేసింది. నేను పక్కనే ఉన్నాను, దారం తెగలేదు. అక్కడే సంతకం పెట్టాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సాయంత్రం ఆరింటి బస్సులో తిరిగొస్తూ కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. ఆమె నన్ను అంతగా గౌరవించడం వల్ల దారం తెగితే, నేను ఆమెను దొంగను చేశాను. ఆమె ఇక ముందులా నన్ను చూడదు. పని నేర్చుకోవడానికి అదే మంచిదేమో, నాకు మాత్రం బాధగానే ఉంది. దూరం నుంచి పాఠాలు చెప్పేవారికి ఒక్క సూచన: చేతుల మీద కెమెరా ఒక్కటే చాలదు, మనిషీ కుర్చీ మొత్తం కనబడేలా పక్కన ఇంకొకటి పెట్టించండి. శుక్రవారం పాఠానికి నేను పెట్టించాను. షాహీన్ హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇక్కడ నా కుర్చీలో నేనే అంచు మీద కూర్చున్నాను.