శోభ కాపడం పెట్టమన్న రోజు

తోడికోడలు శోభ హైదరాబాద్ వెళ్ళొచ్చి నెలయింది. అప్పటి నుంచి పెద్దకోడలు తిరుమలకు అద్దం ముఖం చూడబుద్ధి కావడం లేదు. అక్కడ శోభకు పొట్ట మీది కొవ్వు తీసి రొమ్ముల్లోకి ఎక్కించారట. తీసిన చోటూ బాగే, నింపిన చోటూ బాగే. గోదావరిఖనిలో వాళ్ళుండే బొగ్గుగని కంపెనీ క్వార్టర్ల వరుసంతా శోభ జాకెట్ల గురించే మాట. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన తిరుమలకేమో పైట సర్దుకోవడమే పనైంది.

ఆ డాక్టరెవరని ఒకసారి సిగ్గు విడిచి అడిగింది.

"నీకెందుకక్కా, బావ నిన్ను గిట్లనే మంచిగ చూసుకుంటుండు గద," అని శోభ నవ్వింది. ఆ నవ్వు తిరుమల గొంతులో చేప ముల్లులా ఉండిపోయింది.

ఒక పొద్దున శోభే వచ్చింది. ముఖం వాడిపోయింది. తిరుమల బొగ్గు పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది.

"అక్కా, ఇటుక కాల్చి జర కాపడం పెట్టు. కుడి రొమ్ముల గడ్డ లెక్క అయింది. రాత్రి సంది చలిజరం."

తిరుమల తాకి చూసింది. ఎర్రగా ఉబ్బి, చెయ్యి పెడితే కాలుతోంది. తప్పే కానీ, ఒక్క క్షణం ఆమె లోపల చల్లగా అనిపించింది.

ఇటుక కాల్చి గుడ్డలో చుట్టింది. తన అరచేతికే ఓర్చలేనంత వేడి. అది ఒంటికి ఆనించగానే శోభ అంది:

"వేడే తెలుస్తలేదక్కా. గట్టిగ పెట్టు."

తిరుమల చప్పున ఇటుక తీసేసింది.

"లే. దవాఖానకు పోదాం."

"వద్దక్కా. కంపెనీ దవాఖానల అందరు మనోళ్ళే. లైనంత తెలుస్తది. నువ్వు గూడ నవ్వుతవ్."

"నవ్వుత. ముందు నువ్వు బతుకు, తర్వాత నవ్వుత."

చీము పట్టిందని, ఆ రోజే తియ్యాలని డాక్టరమ్మ చెప్పింది.

"ఆపరేషన్‌తో స్పర్శ పోయినచోట ఇంకాసేపు కాపడం పెట్టుంటే చర్మం కాలిపోయేది. జ్వరం, ఎరుపు కనిపిస్తే దాచిపెట్టకుండా వెంటనే రావాలి. ఎక్కించిన కొవ్వంతా నిలవదమ్మా. కొంత కరిగిపోతుంది, కొంత గడ్డ కట్టొచ్చు. రేపు ఎప్పుడు స్కానింగుకు పోయినా ఈ సంగతి ముందే చెప్పు. లేకపోతే ఆ గడ్డను చూసి క్యాన్సరేమో అని అందరూ భయపడాల్సి వస్తుంది."

కరిగిపోతుందన్న మాట ఒక్కటే తిరుమలకు తియ్యగా వినిపించింది. మంచం మీద వణుకుతున్న తోడికోడలిని చూసి ఆ తీపి చేదైంది.

చీము తీశాక, సాయంత్రానికి శోభ కళ్ళు తెరిచింది.

"అక్కా, ఆ డాక్టరు పేరు చెప్పాల్నా?"

"చెప్పు."

"గింత చూసి గూడ చేయించుకుంటవా?"

"ముందైతే పోయి గట్టిగ అడుగుత, మా చెల్లెకు గిట్లెందుకైందని. నా సంగతి తర్వాత."

తిరుమల శోభకు దుప్పటి కప్పింది. అలవాటుగా తన పైట కూడా సర్దుకుంది.