అఫ్రైడ్ టు, అఫ్రైడ్ ఆఫ్

ట్యుటోరియల్‌లో ఆయన్ని అందరూ గ్రామర్ మాస్టారంటారు. జేబు నిండా సుద్దముక్కలు, చేతిలో చెక్క స్కేలు. 'అఫ్రైడ్' తర్వాత 'టు' పెడితే క్రియ రావాలి, 'ఆఫ్' పెడితే మనిషో వస్తువో రావాలి. తప్పు చెప్పినవాడి అరచెయ్యి వాచిపోతుంది. ఇంటికొచ్చినా ఆయన ఆ స్కేలు కింద పెట్టడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ఏడో తరగతి చదువుతున్న కూతుర్ని అడిగాడు. "భయం మీద ఓ వాక్యం చెప్పవే. అఫ్రైడ్ రావాలి."

పిల్ల స్కేలు వైపు చూస్తూ గొణిగింది. "అయామ్ అఫ్రైడ్ టు యూ, నాన్నా."

వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"టు కాదే మొద్దూ, ఆఫ్! మళ్లీ చెప్పు."

"అయామ్ అఫ్రైడ్ ఆఫ్ యూ."

"అదేమంటోందో వినపడిందా మీకు?" అంది భార్య.

"వినపడింది. ఇప్పుడు తప్పేం లేదు," అంటూ ఆయన తృప్తిగా ముద్ద కలిపాడు.