నాలుగు వేళ్ల నూనె మరక

మా చిన్నప్పుడు... అమావాస్య తెల్లవారితే మా పెరడంతా నువ్వుల నూనె వాసన. తెల్లదొరలు ఇంకా పోని రోజులు. బద్వేలు పక్కన మాది నేతపని ఇల్లు. నెలలో ఆ ఒక్క రోజు మగ్గానికి సెలవు. నాయన గోచీ పెట్టుకుని బండ మీద కూర్చుని, వెచ్చని నూనె ఒళ్లంతా తనే రుద్దుకునేవాడు. వీపు మాత్రం అమ్మ రుద్దాలి. తర్వాత జేజి, అంటే నాయన తల్లి. ఆ తర్వాత పిల్లలం నలుగురం.

అమ్మ వంతు వచ్చేసరికి గిన్నె అడుగు కనిపించేది... "వచ్చే అమాసకు చూస్తాంలే" అని నవ్వేసేది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిగతా రోజుల్లో ఎవరూ ఒంటికి నూనె రాసుకోకూడదు. నూనె చెయ్యి తగిలితే చీర పాడు. అమ్మ పొద్దస్తమానం రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. తిప్పీ తిప్పీ కుడి భుజం బిగుసుకుపోయింది. కొప్పు ముడుచుకోవడానికి కూడా చెయ్యి పైకి లేచేది కాదు.

ఊళ్లోకి వచ్చిన వైద్యుడు చూసి ఒకటే చెప్పాడు. "నూనె గోరువెచ్చగా చేసుకొని నీకు నువ్వే రుద్దుకోమ్మా. కీలు కాడ గుండ్రంగా, ఎముక మీద పొడుగ్గా. దినామూ చెయ్యాల, నలభై దినాలు. నడుమ ఇడిస్తే ఇంగ చెయ్యి లేవదు."

జేజి అరుగు మీద నుంచే తేల్చేసింది. "దినామూ నూనె పూసుకుంటే నూలు ఎవురు చుడతారు? అమాస ఉండాది గదా!" నాయన తల వంచుకుని మగ్గం గుంతలోకి దిగాడు.

అమ్మ మొండిది. మధ్యాహ్నం జేజి కునుకు తీసే వేళ, పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద కాస్త నూనె వెచ్చచేసుకుని గొడ్లపాకలోకి వెళ్లేది. నేను కాపలా. పళ్లు బిగబట్టి ఎడమ చేత్తో భుజం రుద్దుకునేది. వెనక రెక్క దగ్గరికి చెయ్యి అందేది కాదు... అక్కడ నేను రుద్దేదాన్ని. అయ్యాక ఇద్దరం బూడిదతో, సీకాయపొడితో చేతులు తోముకునేవాళ్లం. పన్నెండో రోజుకు అమ్మ చెయ్యి చెవి దాకా లేచింది. "సూడు పాపా, లేస్తాండాది!" అని మురిసిపోయింది.

ఆ రోజే నేను చేతులు తోముకోవడం మరిచిపోయాను. మగ్గం మీద ఎర్రంచు తెల్లచీర. అంచు ఎంత బాగుందో అని తడిమి చూశాను... అంతే.

సాయంత్రం నాయన కేక పెట్టాడు. "ఎవురు ముట్టినారు దీన్ని?" జేజికి చూపు ఆనదు. బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని "నూనె!" అంది.

అమ్మ వచ్చి చూసింది. నాలుగు చిన్న వేళ్ల మరకలు. తర్వాత నా వైపు చూసింది. "నేనే అత్తా. నా చెయ్యే తగిలింది" అంది.

ఆ వేళ్లు అమ్మవి కావని నాయనకు తెలియదా? తెలిసే ఉంటుంది. ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంటే ఇక వేళ్లెవరు కొలుస్తారు! నేను గుంజ చాటున నిలబడి నోరు విప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లను, దెబ్బలకు భయపడ్డాను. కానీ మర్నాడు చెప్పవచ్చు... ఆ మర్నాడు చెప్పవచ్చు... చెప్పలేదు.

జేజి నూనె కుండను ఉట్టి మీద పెట్టించింది. కుండ దించాలంటే రెండు చేతులూ కావాలి, చెవి దాకా లేచే చేతికి ఉట్టి అందదు. పీట వేసుకుని నేను దించుతానంటే అమ్మ వద్దంది. "ఇంగ సాలు పాపా... ఈసారి నీ ఈపు పగుల్తాది" అంది.

ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. నా పెళ్లిలో అమ్మ ఎడమ చేత్తో అక్షింతలు వేసింది. అపశకునమని బంధువులు గుసగుసలాడుకున్నారు. నేను అప్పుడూ తల వంచుకునే కూర్చున్నాను.

అమ్మ పోయిన రోజు ఆడవాళ్లంతా వరసగా వచ్చి అమ్మ తలకు నూనె పెట్టారు. అది ఆచారం. అందరూ పెట్టినా గిన్నెలో ఇంకా సగం మిగిలింది... నేను దాన్ని లోపలికి తీసుకెళ్లి, గోరువెచ్చగా చేసి తెచ్చి, అమ్మ కుడి భుజానికి రుద్దాను. కీలు దగ్గర గుండ్రంగా, ఎముక మీద పొడుగ్గా.

ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డాను. ఇది టైపు చేస్తున్న నా మనవరాలు ఆదివారం వస్తే నూనె సీసా వేడినీళ్లలో పెట్టుకుని, తలుపేసుకుని, గంటసేపు ఒళ్లు రుద్దుకుంటుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూసి సంతోషిస్తాను, ఆ వెంటనే అమ్మ గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఆ మరక నాదని ఇవాళ మీ అందరి ముందే మొదటిసారి చెబుతున్నాను.

మీ ఇళ్లల్లో నూనె గిన్నె చివరగా ఎవరి చేతికి వచ్చేది? అప్పటికి అందులో ఏమైనా మిగిలేదా?... గుర్తుంటే రాయండి.