పెళ్లి సీనులో వెనక వరస

ఈ మాట ఇన్నేళ్లూ నాతోపాటే కూర్చుంది, తింది, పడుకుంది. బయటికి మాత్రం రాలేదు. పిల్లలకు చెప్పలేదు. పోయిన మా ఆయన ఫోటో ముందు నిలబడి కూడా చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను లెక్క మనిషిని. ఏ నెల ఏ వారం ఇంట్లో ఏం జరిగిందో తడుముకోకుండా చెప్పగలను. అలాంటిదాన్ని, ఒక్కసారి, జరిగినదాన్ని జరగలేదన్నాను.

మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ భవనాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు. జూబ్లీహిల్స్‌లోని మా ఇంటిని షూటింగులకు అద్దెకిచ్చేదాన్ని. అగ్రిమెంటు నేనే రాసేదాన్ని. హాలు, మెట్లు, వరండా. హీరోయిన్‌కు పై గది, దాని బాత్రూం. హీరోకు బాత్రూం ఉన్న తన బండి ఉండేది. మిగతా మగవాళ్లు మా గోడ వెనక రాళ్లగుట్ట చాటుకు పోయేవారు. జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. పెరట్లో పనిమనిషి బాత్రూం ఒకటి ఉండేది. ఎండాకాలం, ట్యాంకరు నీళ్లు. దానికి తాళం వేసి గుత్తి బొడ్లో దోపుకున్నాను.

ఒక సినిమాకు పెళ్లి సీను మూడు రోజులు తీశారు. వెనక వరసలో ఎవరెక్కడ నిలబడ్డారో మూడు రోజులూ అక్కడే, అదే చీరలో నిలబడాలి. మనిషి మారితే షాట్ కలవదు. ఆ ఆడవాళ్లు మంచినీళ్ల డబ్బా వైపు వెళ్లకపోవడం నేను గమనించాను. ఎంత పద్ధతైన మనుషులో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

రెండో రోజు, మంగళవారం. భోజనాలయ్యాక ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ చీర, ఎండిపోయిన పెదాలు. పేరు స్వరూప అని తర్వాత తెలిసింది.

“అమ్మా, జర ఎనక బాత్రూం తాళం ఇయ్యుండ్రి. పొద్దుగాల సంది ఆపుకున్న.”

“మీ మేనేజర్‌ను అడుగమ్మా. అగ్రిమెంట్లో హాలు, మెట్లు, వరండా. అంతే.”

“హాలు కిరాయికి ఇచ్చిండ్రు గదా. అండ్ల నిలబడ్డోళ్లకు కడుపుంటదని రాసుకోలేదా అమ్మా?” నవ్వుతూనే అడిగింది.

“ఒకరికిస్తే అందరూ వస్తారు.”

“మరి అందరం మనుషులమే గదమ్మా,” అంది ఆమె వెనకున్న పెద్దావిడ, యాదమ్మ.

షాట్‌కు పిలిచారు. ఇద్దరూ వెళ్లిపోయారు. లైటు స్టాండ్లు పాలరాయిని గీస్తాయేమోనని నేను కెమెరా పక్కనే నిలబడ్డాను.

మూడో రోజు ఒళ్లు కాలిపోతున్నా ఆ అమ్మాయిని తెచ్చి అదే చోట నిలబెట్టారు.

తర్వాతి వారం యాదమ్మ, సినిమా కంపెనీ మేనేజరు కలిసి మా గేటు దగ్గరికి వచ్చారు. స్వరూప సర్కారు దవాఖానలో ఉందట. నాలుగో నెలట. తెలిస్తే పని ఇవ్వరని దాచిందట. నీళ్లు తాగక, ఆపుకుని ఆపుకుని, ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కిందన్నారట డాక్టర్లు. తాళం అడిగితే ఇవ్వలేదని నేను ఒక్క మాట చెబితే, ఇది షూటింగులో జరిగిందే అని కంపెనీ ఒప్పుకుని పెద్ద ఆసుపత్రికి మారుస్తుందట.

“నన్నెవరూ అడగలేదు,” అన్నాను.

యాదమ్మ నా నడుము వైపు చూసింది. తాళాలు అక్కడే ఉన్నాయి.

స్వరూప ఆ నెలలోనే పోయింది. కడుపులో బిడ్డతో సహా.

నేను చంపానా? ఆమె ఒంట్లో ముందే రక్తం లేదేమో. నాకంటే ముందు ఇంకెన్ని ఇళ్లలో ఎంతమంది తాళాలు వేసుకున్నారో. ఇన్నేళ్లూ ఇలాంటి కారణాలు పోగుచేసుకుంటూ వచ్చాను, అన్నీ నిజమే కావచ్చు, కానీ ఆ తాళాల్లో ఒకటి మాత్రం ఆ మూడు రోజులూ నా బొడ్లో, నేను నడిచినప్పుడల్లా గలగలమంది. ఆ అబద్ధం ఎందుకు ఆడాను? భయమా? కాదు. నా అగ్రిమెంటులో తప్పుందని ఒప్పుకోలేక.

ఆ సినిమా ఇప్పుడు టీవీలో మధ్యాహ్నాలు వస్తుంది. పెళ్లి సీనులో అందరూ వధూవరుల వైపు చూస్తూ అక్షింతలు వేస్తారు. వెనక వరసలో ఆకుపచ్చ చీర వెయ్యదు. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఉంటుంది. రెండోది పిడికిలి. చూపు పెళ్లి మీద లేదు. కెమెరా పక్కకు, నేను నిలబడ్డ చోటికి.

మొదటిసారి చూసినప్పుడు ఆ పిడికిలి మూసి ఉంది. నాకు బాగా గుర్తు. పోయిన ఏడాది వేళ్లు కాస్త విడినట్టు అనిపించింది. సినిమా మారదు, నాకు తెలుసు. కళ్లు పరీక్ష చేయించుకున్నాను. చూపు బాగానే ఉందన్నారు. మొన్న చూస్తే అరచెయ్యి పూర్తిగా తెరిచి ఉంది. ఏదో ఇమ్మన్నట్టు.

నేను టీవీ చూసేది ఆ హాల్లోనే. ఆమె నిలబడ్డ చోటు ఇప్పుడు నా కుర్చీకి వెనక వస్తుంది. సీను అయ్యేదాకా నేను వెనక్కి తిరగను. అయిపోయాక కూడా కాసేపు తిరగను.

పెరటి బాత్రూం తాళం ఎప్పుడో తీసేశాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. యాదమ్మ ఎక్కడుందో తెలియదు. ఉంటే, గేటు దగ్గర ఆ రోజు చెప్పాల్సిన మాట ఆమెకే చెప్పేదాన్ని. మీకు చెబుతున్నాను.

ఆ అమ్మాయి నన్ను అడిగింది. నాకు వినబడింది.