పిన్నుల చుట్టూ పసుపు

పసుపు బస్తాలతో ఆర్మూర్ మార్కెట్ యార్డుకు పోతుంటే మలుపులో మా ట్రాలీ బోర్లాపడింది. బస్తాలు నా నడుము మీద పడ్డాయి. లేవబోతే కాళ్లు నా మాట వినలేదు. నిజామాబాద్‌లో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, "పెల్విస్, అంటే నడుము కింది ఎముక, రెండు చోట్ల విరిగిందమ్మా, నిలకడగా లేదు, కదులుతోంది," అన్నారు. రెండు తుంటి ఎముకల్లోకి పిన్నులు దించి, పొట్ట ముందు రాడ్డు బిగించారు. దాన్ని ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారట. చీర కట్టే వీలు లేదు, పక్కకు తిరిగే వీలు లేదు. ట్రాక్టరుకు బంపర్ పెట్టినట్టు ఉన్నాను.

ఇంటికి పంపేటప్పుడు నర్సు, పిన్నుల దగ్గర సెలైన్‌తో ఎలా తుడవాలో చూపించింది. మా అత్తకు అది నచ్చలేదు.

"ఉప్పునీళ్లకు పుండు మానుతదా? మన చేన్ల పసుపు పిల్లా, దీన్ని మించిన మందు ఏడుంటది?" అని రోజూ పిన్నుల చుట్టూ పసుపు అద్దేది. నేనూ వద్దనలేదు. మా ఇళ్లలో ఏ గాయానికైనా అదే కదా.

కొన్నాళ్లకు ఎడమ పిన్ను దగ్గర సలుపు మొదలైంది. చూస్తే తడిసిన పసుపు తప్ప ఏమీ కనబడేది కాదు. ఒకరోజు పొద్దున జ్వరంతో పాటు వాసన కూడా వచ్చింది. పసుపు ఉడికించే చోటే పెరిగినదాన్ని, పసుపు వాసన ఏదో నాకు తెలియదా?

"గిది పసుపు వాసన గాదు. జల్ది బండి మాట్లాడు," అన్నాను మా ఆయనతో.

డాక్టరమ్మ కడిగి చూస్తే పసుపు కింద అంతా చీము.

"పిన్ ట్రాక్ట్ ఇన్ఫెక్షన్, పిన్ను దిగిన దారంతా చీము పట్టింది. పిన్ను లూజయింది. ఇది ఎముకలోకి పాకితే ఫిక్సేటర్ ముందే తీసేయాలి. అప్పుడు ఎముక జరిగి కాలు పొట్టిదవ్వచ్చు," అన్నారు.

నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. చేను గట్టు మీద నడవలేని బతుకు నాకొద్దనుకున్నాను. ఆ పిన్ను తీసి, మరోచోట కొత్తది వేసి, యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

మంచం పక్కన అత్త ఒకటే ఏడుపు. "ఏడ్సుడు తర్వాత అత్తమ్మా. నర్సమ్మ దగ్గర కడుగుడు నేర్సుకొని రా," అన్నాను. నేర్చుకుంది. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడగనిదే మా ఆయనను కూడా నా దగ్గరికి రానివ్వలేదు.

ఎముక అతుక్కున్నాక ఫిక్సేటర్ తీశారు. కొన్నాళ్లు వాకర్, తర్వాత కర్ర. ఇప్పుడు ఏదీ లేకుండా గట్టు మీద నడుస్తున్నాను. కింద కూర్చుని లేవాలంటే ఇంకా చెయ్యి ఆసరా కావాలి. దాన్నీ సాధిస్తాను, వదిలేది లేదు.

పిన్నులున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ చెప్పనిదేదీ అక్కడ పెట్టకండి. ఎరుపు, చీము, జ్వరం, పిన్ను కదలడం, ఏది కనబడినా అదేరోజు దవాఖానకు వెళ్లండి.

మొన్న బాల్కొండ నుంచి మా చుట్టం కాలికి ఇలాంటి రాడ్డుతోనే వచ్చి, మంచి పసుపు కావాలన్నాడు. అత్త పెద్ద పొట్లమే కట్టిచ్చింది.

"కూరల ఏస్కో బిడ్డా," అంది. "రాడ్డు కాడ పెట్టినవంటె చేతులు ఇరగ్గొడ్త."